నాలుగు కుర్చీలు, ఒక్క ఓటు

ఒక పదవికి ఒకరిని ఎన్నుకోవడంలో చిక్కు తక్కువ. ఎక్కువ ఓట్లు ఎవరికి పడితే వాళ్లే గెలుస్తారు. ఒకే హోదా ఉన్న మూడు నాలుగు స్థానాలను ఒక్కసారే నింపాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. స్థానాలు మూడు, ఓటర్లు వంద మంది అనుకుందాం. ఎన్ని స్థానాలుంటే అన్ని ఓట్లు ఇస్తే, కలిసికట్టుగా నిలిచిన 51 మంది మూడింటినీ ఎగరేసుకుపోతారు. మిగతా 49 మందికి ఒక్క గొంతూ దక్కదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే ప్రయత్నానికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది.

ఇంగ్లండులో మధ్యయుగాల నుంచి 19వ శతాబ్దం దాకా చాలా నియోజకవర్గాలు ఇద్దరేసి సభ్యులను పార్లమెంటుకు పంపేవి. ఓటరుకు రెండు ఓట్లుండేవి. 1867 సంస్కరణ చట్టం ముగ్గురు సభ్యులున్న చోట ఓటరుకు రెండే ఓట్లిచ్చింది. మూడో స్థానం అల్పసంఖ్యాకులకు దక్కుతుందన్నది ఆశ. కానీ 1868లో బర్మింగ్‌హామ్ లిబరల్ పార్టీ ఏ వార్డు వాళ్లు ఏ ఇద్దరికి ఓటెయ్యాలో ముందే పంచిపెట్టి, మూడు స్థానాలూ గెలుచుకుంది. ఓట్ల సంఖ్య తగ్గించినంత మాత్రాన క్రమశిక్షణ గల పార్టీ లెక్కకు అడ్డుకట్ట పడదని తేలిపోయింది. తమ ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి గుమ్మరించే వీలునిచ్చే పద్ధతిని 1870లో ఇంగ్లండు పాఠశాల బోర్డుల్లోనూ, అమెరికాలోని ఇల్లినాయ్ శాసనసభలోనూ తెచ్చారు. ఇల్లినాయ్‌లో అది 1980 దాకా నిలిచింది. అక్కడా ఎవరికి ఎన్ని ఓట్లు వెయ్యాలన్న ఊహాగానం ఓటరు నెత్తినే పడింది.

ఆ భారాన్ని ఓటరు మీద నుంచి దించి, లెక్కింపు మీద పెట్టడమే అసలు మలుపు. బర్మింగ్‌హామ్‌లో బడి నడిపిన థామస్ రైట్ హిల్ 1820 ప్రాంతంలో ఒక సంఘం కమిటీ ఎన్నిక కోసం ఓట్లు బదిలీ అయ్యే పద్ధతిని ఆలోచించాడు. డెన్మార్క్‌లో కార్ల్ ఆండ్రె 1855లో ఇలాంటిదాన్నే చట్టంలోకి తెచ్చాడు. లండన్ న్యాయవాది థామస్ హేర్ 1859లో దాన్ని పుస్తకంగా వివరిస్తే, జాన్ స్టువర్ట్ మిల్ గట్టిగా సమర్థించాడు. గెలుపుకు ఎన్ని ఓట్లు చాలో చెప్పే సూత్రాన్ని 1868లో హెన్రీ డ్రూప్ సరిచేశాడు. టాస్మేనియా, ఐర్లండ్, మాల్టా ఈ పద్ధతిని తమ చట్టసభలకు స్వీకరించాయి.

మన రాజ్యసభ ఎన్నికల్లో నడిచేదీ ఈ ఏక ఓటు బదిలీ పద్ధతే. ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం ఇస్తారు; గెలిచినవారి మిగులు ఓట్లూ, ఓడినవారి ఓట్లూ తర్వాతి ప్రాధాన్యానికి బదిలీ అవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేలూ చెల్లే ఓటేసి, నాలుగు స్థానాలు నింపాలనుకుందాం. ఒక్కో ఓటు విలువ వంద. 17,500ను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే ఐదుతో భాగించి, వచ్చినదానికి ఒకటి చేరిస్తే గెలుపుకు కావాల్సిన కోటా 3,501. 35 మంది మొదటి ప్రాధాన్యం ఇస్తే ఒక్క పాయింటు తగ్గుతుంది. 36 మంది ఇస్తే గెలుపు ఖాయం. మిగిలిన 99 పాయింట్లు అవసరమైతే రెండో ప్రాధాన్యానికి వెళ్తాయి. గెలిచేవాళ్లకు అవసరానికి మించి పడిన ఓటూ, ఓడేవాళ్లకు పడిన ఓటూ వృథా కావు. సభలో ఐదో వంతుకు కాస్త మించి బలమున్న పక్షానికి ఒక సీటు దక్కి తీరుతుంది.

లోక్‌సభ దారి వేరు. 1952లో 86 ద్విసభ్య నియోజకవర్గాలు, ఒక త్రిసభ్య నియోజకవర్గం ఉండేవి. ద్విసభ్య స్థానాల్లో ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకరికే వెయ్యకూడదు. ఎస్సీ లేదా ఎస్టీ రిజర్వుడ్ స్థానం ఉన్నచోట ముందు ఆ వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి దాన్నిచ్చి, తర్వాత మిగతా అందరిలో మొదటివారికి జనరల్ సీటు ఇచ్చేవారు. 1957లో పార్వతీపురంలో ఈ నియమం పెద్ద వివాదమైంది. రిజర్వుడ్ స్థానం బిడ్డిక సత్యనారాయణకు దక్కగా, జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొరనే వరించింది. కేవలం 565 ఓట్ల తేడాతో ఓడినది, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. ఆయన కోర్టుకెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు సూరి దొర ఎన్నికను నిలబెట్టింది. రిజర్వేషన్ ఇచ్చేది కనీస హామీయే తప్ప గరిష్ఠ పరిమితి కాదన్న న్యాయం ఆ తీర్పులో ఉంది.

1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. అవి ఎస్సీ, ఎస్టీ వర్గాలకు చోటు చూపించాయి. భిన్నాభిప్రాయానికి మాత్రం చూపించలేదు. పెద్ద పార్టీ తన ఇద్దరినీ గెలిపించుకోగలిగేది. వర్గానికి హామీ, అభిప్రాయానికి వాటా వేర్వేరు లక్ష్యాలు. రెండింటికీ వేర్వేరు ఏర్పాట్లు కావాలి.

న్యాయవాదుల చట్టం 1961లోనే రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఓటు బదిలీ పద్ధతిని నిర్దేశించింది. వేల మంది న్యాయవాదులు వాడగలిగినది మిగతా సంఘాలకు కష్టమేమీ కాదు. కార్యవర్గంలోకి ఐదారుగురు సభ్యులను ఎన్నుకునే ఉద్యోగ సంఘమైనా, కాలనీ సంఘమైనా నియమావళి రాసుకునేటప్పుడే దీన్ని ఎంచుకోవాలి. ఎందుకంటే ఫలితం వచ్చాక ఓడినవాళ్లు అడిగితే అది ఫిర్యాదవుతుంది; నియమం రాసేటప్పుడు అందరూ అడిగితే అది న్యాయమవుతుంది.