మా తాత పేరు ఫకీరప్ప, మాది ఏ మతం?

మా తాత పేరు ఫకీరప్ప. నాన్న పేరు కుళ్ళాయప్ప. ఊరు కనగానపల్లి. ధర్మవరం దగ్గర, మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మా వైపు ఇలాంటి పేర్లు వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏ ఊళ్ళో చూసినా ఇద్దరు ముగ్గురు హుస్సేనప్పలో, దస్తగిరులో, బాబయ్యలో కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది శనివారం వెంకటరమణస్వామికి ఒక్కపొద్దు ఉండేవాళ్ళే.

ఉద్యోగం వచ్చిన కొత్తలో బెంగుళూరులో ఇల్లు వెతుక్కుంటుంటే ఒక ఓనరు నా ఐడీ కార్డులో నాన్న పేరు చూసి, కాసేపు ఆగి, "మీరు ముస్లిమ్సా?" అనడిగాడు. "కాదు సార్, హిందువులమే" అని గబుక్కున చెప్పేశా. ఇల్లు ఇచ్చాడు. మెట్లు దిగుతుంటే మాత్రం ఎందుకో సిగ్గేసింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ మా ముత్తవ్వకి వరసగా ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోతే, పెనుకొండ బాబయ్యకి మొక్కుకుని కన్న నాలుగో బిడ్డ మా తాత. ఆ కథ మొత్తాన్ని ఒక్క ముక్కతో తుడిచేశాననిపించింది. ఇంకోటి కూడా.. అదే పేరున్న ఒక ముస్లిం కుర్రాడు నా వెనకాలే వచ్చుంటే వాడికి ఆ ఇల్లు దొరికేది కాదు. అది తెలిసీ నేను తాళం చెవులు తీసుకున్నా.

తర్వాత పనిలో పడి మర్చిపోయా. రెండేళ్ళకి ప్రాజెక్టు మీద ఎనిమిది నెలలు టోక్యో వెళ్ళినప్పుడు ఇదే ప్రశ్న అటుతిరిగి ఇటుతిరిగి మళ్ళీ ఎదురైంది. ఈసారి అడిగింది నేను :)

టీములో ఒకాయన్ని భోజనం దగ్గర "మీదే మతం?" అనడిగా. "మతమేమీ లేదు" అన్నాడు. సరే నాస్తికుడు కాబోలు అనుకున్నా. కానీ జనవరి ఒకటిన పొద్దున్నే షింటో గుడికెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చాడు. వాళ్ళ అమ్మానాన్నల ఇంట్లో గోడ మీద షింటో దేవతల అర (కామిదన) ఉందట, ఇంకో గదిలో పోయిన పెద్దల కోసం బౌద్ధ పూజామందిరం (బుత్సుదన్) ఉందట. వాళ్ళ చెల్లెలి పెళ్ళేమో చర్చి లాంటి హాల్లో జరిగింది. ఇవన్నీ చేస్తూ "మతం లేదు" అంటాడేంటి అని మొదట నవ్వొచ్చింది. తర్వాత మా ఇల్లు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక శాఖ మత సంస్థలిచ్చే లెక్కలు ఏటా ప్రచురిస్తుంది. 2010 దశకంలో అక్కడి జనాభా సుమారు 12.7 కోట్లు. అన్ని మతాల వాళ్ళనీ కలిపితే 18 కోట్లు దాటేది! మన భాషలో చెప్పాలంటే అక్కడ మతం రేడియో బటన్ కాదు, చెక్ బాక్స్. ఎన్నయినా టిక్కు పెట్టుకోవచ్చు.

ఇదెలా వచ్చిందో చూద్దాం. క్రైస్తవం, ఇస్లాం లాంటి మతాల్లో ఒక ప్రవక్తో స్థాపకుడో ఉంటాడు, ఒక గ్రంథం ఉంటుంది, విశ్వాస ప్రకటన ఉంటుంది, లోపల ఎవరు బయట ఎవరు అన్న గీత స్పష్టంగా ఉంటుంది. బౌద్ధానికి స్థాపకుడున్నాడు, గ్రంథాలున్నాయి, సంఘం ఉంది. అది దేశాలు దాటగలదు. కానీ వెళ్ళిన చోట ఉన్న దేవుళ్ళని వదిలెయ్యమని సాధారణంగా గృహస్థుల్ని అడగదు. షింటో వీటన్నిటికీ భిన్నం. స్థాపకుడు లేడు, నమ్మి తీరాల్సిన సిద్ధాంతం లేదు. 712 నాటి కొజికి, 720 నాటి నిహోన్ షోకి ఉన్నాయిగానీ అవి పురాణం, రాజవంశ చరిత్ర కలిసిన పుస్తకాలు. కామి అంటే ఆ కొండకి, ఆ చెట్టుకి, ఆ ఊరికి ఉండే దేవత. మా పొలిమేర మారెమ్మని పక్క ఊరివాళ్ళు నమ్మారా లేదా అని మేమెప్పుడైనా పట్టించుకున్నామా? అచ్చం అలాగే.

ఆరో శతాబ్దంలో బౌద్ధం కొరియా మీదుగా జపాన్ చేరింది. మొదట్లో గొడవలు జరగకపోలేదు. కొత్త దేవుణ్ణి తెస్తే పాత కామిలకి కోపమొస్తుందని ఒక వంశం, కాదని ఇంకో వంశం కొట్టుకున్నాయి. 587 యుద్ధంలో బౌద్ధాన్ని వెనకేసుకొచ్చిన సోగా వంశం గెలిచింది. తర్వాత మెల్లగా రెండూ సర్దుకున్నాయి. బుద్ధులే ఈ నేల మీద కామిల రూపంలో కనిపిస్తున్నారని బౌద్ధ పండితులు సిద్ధాంతం చేశారు. యుద్ధదేవత హచిమాన్‌కి బోధిసత్త్వుడన్న బిరుదు తగిలించారు. గుడి ఆవరణలో ఆరామం, ఆరామం పక్కన గుడి. వెయ్యేళ్ళకి పైగా ఇలాగే నడిచింది.

ఇందులో మన వాటా కూడా ఉందండోయ్. ఆంధ్రతో ముడిపడ్డ ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్‌లో ఎనిమిది బౌద్ధ శాఖలకీ మూలపురుషుడిగా చెప్పుకుంటారు. మన సరస్వతి అక్కడ బెంజైతెన్, వీణకి బదులు బివా వాయిస్తుంది. హోమాన్ని గోమా అంటారు. టోక్యో నుంచి ఒక ఆదివారం ఎనోషిమా అనే దీవికి వెళ్ళి ఆ సరస్వతమ్మని చూసొచ్చా. అక్కడే అసలు కథ తెలిసింది.

ఎనోషిమా 1868 దాకా బౌద్ధ క్షేత్రం. ఆ ఏడు మెయిజీ ప్రభుత్వం కామిలనీ బుద్ధుల్నీ విడదీయాలని ఆజ్ఞలిచ్చింది. దాంతో అది షింటో గుడిగా మారిపోయింది. మరి సరస్వతి ఎటు? ఇండియా నుంచి బౌద్ధంతో పాటు వచ్చి, జపాన్‌లో కామిగా పూజలందుకున్న అమ్మవారు రెండిట్లో ఏ ఖానాలో పడుతుంది? వెయ్యేళ్ళలో అవసరం రాని ప్రశ్న, ఆఫీసు ఫైలు వచ్చేసరికి అర్జెంటయిపోయింది.

ఆ ఆజ్ఞల్లో విగ్రహాలు పగలగొట్టమని లేదు. వేరు చెయ్యమనే ఉంది. కానీ చాలాచోట్ల స్థానిక అధికారులు, జనం కలిసి బుద్ధ విగ్రహాలని విరిచారు, గ్రంథాలు తగలబెట్టారు. నారాలోని ప్రసిద్ధ కోఫుకుజి ఆరామంలో సన్యాసులు కాషాయం వదిలి పక్కనున్న కసుగా గుడిలో షింటో పూజారులైపోయారు.

ఇంత కోపం ఎక్కడిదంటే, దానికి ముందు ఇంకో రిజిస్టరు ఉంది. 17వ శతాబ్దంలో తోకుగావా పాలకులు క్రైస్తవాన్ని నిషేధించి, ప్రతి కుటుంబం తాము క్రైస్తవులం కామని ఒక బౌద్ధ ఆలయం నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్నారు. అంటే ఆలయాలు తాలూకాఫీసులయ్యాయి. పూజారి సంతకం లేకపోతే బతుకు లేదు. రెండు వందల ఏళ్ళకి పైగా పేరుకున్న ఆ అసహనం 1868 తర్వాత బయటపడింది. ఆ తర్వాత మెయిజీ ప్రభుత్వం ఇంకో తెలివి చూపించింది. షింటో అసలు మతమే కాదు, పౌరధర్మం అంది. మతం కాదు కాబట్టి అందరూ గుడికి మొక్కాల్సిందే! 1889 రాజ్యాంగం మతస్వేచ్ఛ ఇచ్చినా ఈ మెలికతో పని జరిగిపోయింది. 1945 డిసెంబరులో అమెరికా సైనిక పాలన ఆదేశమిచ్చేదాకా ప్రభుత్వ షింటో నడిచింది.

ఇక మన వైపు చూద్దాం. గుత్తి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో పన్నెండోది, తన మతాన్ని పొగుడుకుంటూ ఎదుటివాళ్ళ మతాన్ని తక్కువ చేయొద్దనే సారాంశంతో ఉంటుంది. మా కనగానపల్లికి అంత దూరమేమీ కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో! పెనుకొండలో జైన పార్శ్వనాథ ఆలయం ఉంది, విజయనగర రాజుల కోటా గుళ్ళూ ఉన్నాయి, బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. గురువు ఇచ్చిన పందుంపుల్ల ఎక్కడ చిగురిస్తే అక్కడే ఉండిపొమ్మన్నాడనీ, అది పెనుకొండలో చిగురించిందనీ కథ చెబుతారు. అందుకే మావాళ్ళకి ఆయన బాబయ్య.

అనంతపురం జిల్లా నార్పల మండలంలో గూగూడు ఉంది. అక్కడ పీర్ల పండక్కి కుళ్ళాయిస్వామి కోసం వచ్చే జనంలో ఎక్కువమంది హిందువులే. చదివింపులు చేయిస్తారు, గుండం తొక్కుతారు, పక్కనే ఆంజనేయస్వామికీ మొక్కుతారు. కవి, పరిశోధకుడు అఫ్సర్ మొహమ్మద్ దీని మీద 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. మా నాన్న పేరు అక్కడిదే. ఇటు కదిరి నరసింహస్వామి తేరుకి ముస్లిములు వస్తారు, ఉగాదికి దేవుని కడప గుడికి వస్తారు.

అయితే రెండూ ఒకటేనని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నా ఉద్దేశం కాదు. తేడాలున్నాయి. జపాన్‌లో కలయికకి పండితులు సిద్ధాంతం రాసిపెట్టారు. మా దగ్గర సిద్ధాంతం లేదు, మొక్కు మాత్రమే ఉంది. మా అవ్వని "బాబయ్య సాయిబు కదా, మనం ఎందుకు మొక్కాల?" అని చిన్నప్పుడు అడిగితే "సామికి యా కులమురా అబ్బీ, బిడ్డని ఇచ్చినాడు" అంది. అంతే ఆమె శాస్త్రం. దర్గాల్లో మొక్కులు తౌహీద్‌కి విరుద్ధం అనే ముస్లిములున్నారు, మనకెందుకు అనే హిందువులున్నారు. తమ విశ్వాసం ప్రకారం అలా అనుకునే హక్కు వాళ్ళకుంది.

ఇంకోటి. కలిసి మొక్కినంత మాత్రాన కలిసి బతికినట్టు కాదు. గుండం దగ్గర పక్కపక్కన నిలబడ్డవాళ్ళు మర్నాడు ఎవరి వీధికి వాళ్ళు వెళ్ళిపోతారు. జపాన్‌లోనూ అంతే. బురాకు అనే వెలివేత కులాల వాళ్ళు చనిపోతే, కొన్ని బౌద్ధ ఆలయాలు వాళ్ళకిచ్చే మరణానంతర నామాల్లో కూడా అవమానకరమైన అక్షరాలు పెట్టేవి. చచ్చినా వదల్లేదు!

అయినా 1868 నుంచి నేను తీసుకున్నది ఒకటుంది. కలిసిపోయిన దేవుళ్ళ వల్ల గొడవ రాలేదు. "ఒక్కటే ఎంచుకో" అని అధికారం అడిగినప్పుడు వచ్చింది. మన దగ్గర 1871-72 జనాభా లెక్కల నుంచీ ఆ ఖానా ఉంది. 2011 ఫారంలో ఆరు మతాలకి ఆరు నంబర్లు, అవి కాకపోతే పేరు రాయాలి. రెండు రాయడానికి వీల్లేదు. ఖానాకి కారణాలు లేకపోలేదు. మైనారిటీ హక్కులు, ఎస్సీ హోదా లాంటివి దాని మీద ఆధారపడి ఉన్నాయి. కానీ డేటాబేసులో కాలమ్ ఒకటే ఉందని మనిషిలో కూడా ఒకటే ఉందనుకుంటే, అది డిజైన్ లోపం. మన పాత మాటలో "మతం" అంటే అభిప్రాయం అని కూడా అర్థం. అభిప్రాయానికి ఇంటి ఓనరు సర్టిఫికెట్ ఏమిటి?

వచ్చే నెల మా అక్క కూతురికి పెనుకొండలో పుట్టెంట్రుకలు. అవ్వ పాపని ఫకీరమ్మ అనే పిలుస్తోంది. బావ మాత్రం "రేపు స్కూల్లో, వీసా ఆఫీసులో ఈ పేరుతో ఎందుకు చిక్కులు?" అని సర్టిఫికెట్లో వేరే పేరు రాయించాడు. ఆయన్ని తప్పుబట్టే మొహం నాకు లేదు. ఆ మెట్ల మీద నేనూ అదే పని చేశాగా. అవ్వ ఇప్పటికీ ఒప్పుకోలేదు, నేను అవ్వ పార్టీ.

నేను మళ్ళీ ఇల్లు మారాలి. ఈసారి ఎవరైనా అడిగితే "మా తాతని పెనుకొండ బాబయ్య ఇచ్చాడండీ, మేం కదిరి నరసింహుడికి కూడా మొక్కుతాం, ఏది రాసుకుంటారో మీ ఇష్టం" అని చెబుదామనుకుంటున్నా. ఇల్లు దొరుకుతుందో లేదో చూడాలి. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పేర్లుంటే, అవి ఎందుకొచ్చాయో పెద్దవాళ్ళుండగానే ఒకసారి అడిగి పెట్టుకోండి.