‘కోర్సేర్’ విహారనౌక కథ

సముద్రముతో మన పూర్వులకు గల చెలిమిని శాతవాహనుల నాణెములు నేటికిని చాటుచున్నవి. రెండు కొయ్యల ఓడ యా నాణెములపై ముద్రితమై యున్నది. యానాము పొరుగుననున్న కోరంగి రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు పేరొందినది. అట్టి తీరముల నుండి నలుదెసలకు వ్యాపించినవారము గనుక, పరదేశపు ఓడకథ యైనను మనకు వినసొంపుగనే యుండును. విలాసము కొఱకు పుట్టి, యుద్ధమున కాలిడి, తుదకు రేవుకాపలా కాచిన యొక నౌక చరిత్రను ఇచ్చట సంగ్రహముగా వివరింపదలచితిమి.

అమెరికా దేశపు ధనికులలో అగ్రగణ్యుడైన జె. పి. మోర్గాన్ కొఱకు 1891లో ఫిలడెల్ఫియా నగరమున నీఫీ అండ్ లెవీ అను సంస్థవారు ఒక ఆవిరినౌకను నిర్మించిరి. దాని పేరు ‘కోర్సేర్’. ఆ మాటకు సముద్రపు దొంగ యని యర్థము. ఆ పేరు గల మోర్గాన్ నౌకలలో ఇది రెండవది. పొడవు సుమారు 241 అడుగులు. గంటకు 17 నాట్ల వేగము. విందులకును, వేసవి విహారములకును తగినట్లు దానిని తీర్చిదిద్దిరి.

1898 ఫిబ్రవరి 15వ తేదీ రాత్రి క్యూబాలోని హవానా రేవున ‘మెయిన్’ అను అమెరికా యుద్ధనౌక ప్రేలిపోయి, సుమారు 260 మంది నావికులు మరణించిరి. ఇది స్పెయిన్ వారి దుష్కృత్యమే యని అమెరికా ప్రజలు నమ్మి యుద్ధమునకు కేకలు వేసిరి. నౌకలోని బొగ్గుకొట్టున పుట్టిన నిప్పే కారణమై యుండవచ్చునని 1976లో జరిగిన పరిశోధన తేల్చినది. కాని అప్పటి ఆవేశమునకు ఆ విచారణతో పని లేకపోయెను.

యుద్ధమునకు చిన్న నౌకలు చాలకపోవుటచే అమెరికా ప్రభుత్వము ధనికుల విహారనౌకలను కొనసాగెను. ఏప్రిల్ 23న ‘కోర్సేర్’ను 2,25,000 డాలర్లకు కొని, ‘గ్లౌసెస్టర్’ అని పేరు మార్చిరి. ఆరు పౌండ్ల గుండ్లు వేయు ఫిరంగులు నాలుగును, మూడు పౌండ్లవి నాలుగును దానిపై నెక్కించిరి. యుద్ధనౌకల ఫిరంగులతో పోల్చిన నివి ఆటవస్తువులే. ఉక్కుకవచమన్నది లేనే లేదు. దానికి నాయకుడైన రిచర్డ్ వెయిన్‌రైట్, ‘మెయిన్’ మునిగిననాడు ఆ నౌకలో రెండవ అధికారి. తన సహచరుల నెందఱనో ఒక్క రాత్రిలో పోగొట్టుకొన్నవాడు.

జూలై 3, ఆదివారము ఉదయము. శాంటియాగో రేవున దిగ్బంధములో నున్న స్పెయిన్ నౌకాదళము అడ్మిరల్ సెర్వేరా నాయకత్వమున వెలుపలికి వచ్చెను. ముందు నాలుగు క్రూజర్లు, వెనుక ‘ఫ్యూరోర్’, ‘ప్లూటోన్’ అను రెండు డిస్ట్రాయర్లు. అమెరికా మహానౌకలు క్రూజర్లను వెంటాడసాగెను. వెయిన్‌రైట్ మొదట తన నౌకను నిదానింపజేసి, బాయిలర్లలో ఆవిరిని నింపుకొని, చివర వచ్చు డిస్ట్రాయర్లకై కాచుకొని యుండెను. అవి కనబడగనే వాటిపైకి దుమికెను. తనకంటె వేగము గలిగి, టార్పెడోలు ధరించిన ఆ రెంటిలో ఏ యొక్క టార్పెడో తగిలినను విహారనౌక తునాతునకలై యుండెడిది. పెద్ద నౌకల గుండ్లును తోడగుటచే ‘ఫ్యూరోర్’ మునిగెను. ‘ప్లూటోన్’ ఒడ్డున రాళ్లకు తగిలి పగిలెను. ‘గ్లౌసెస్టర్’లో ఒక్కనికైనను గాయము కాలేదు.

‘ఫ్యూరోర్’పై మరణించినవారిలో ఫెర్నాండో విల్లామిల్ ఒకడు. డిస్ట్రాయర్ జాతి నౌకలకు ఆద్యులలో నొకడుగా ప్రసిద్ధుడు. 1886లో నీట దిగిన ‘డిస్ట్రక్టర్’ అతని ఊహ నుండి వెలువడినదే. తాను నమ్మిన నౌకాజాతిలో నొకదానిపై, మొన్నటివరకు విందులు సాగిన యొక నౌకతో పోరుచు అతడు నేలకొరిగెను.

మేము ఈ నౌకను తలచుకొనుటకు ముఖ్యకారణము గెలుపు కాదు. ఆ పిమ్మట జరిగినది. మండుచు ఒడ్డునకు ఎక్కిన స్పెయిన్ నౌకలలోని మందుగుండు ఏ క్షణముననైనను ప్రేలవచ్చును. అట్టి తరుణమున ‘గ్లౌసెస్టర్’ పడవలు వాటి దాపునకు పోయి, గాయపడినవారిని, నీట కొట్టుకొనుచున్నవారిని చేరదీసెను. కుమారుని సాయముతో ఈది ఒడ్డు చేరిన వృద్ధ అడ్మిరల్ సెర్వేరా తడిసిన దుస్తులతో ఈ నౌకపైకే వచ్చెను. వెయిన్‌రైట్ ఆయనను బందీగా గాక వీరునిగా గౌరవించి, ధైర్యముగా పోరితిరని అభినందించెను. ‘మెయిన్’లో మిత్రులను గోల్పోయినవాని నోట ఆ మాట వెలువడుట సామాన్యము గాదు.

అయినను చరిత్రను ఒక ప్రక్కనే చూచుట తగదు. జూలై 25న ఇదే నౌక ప్వెర్టో రికో ద్వీపమున గ్వానికా రేవులో మొదట ప్రవేశించి, చిన్న దండును దింపి, అమెరికా జెండా నెగురవేసెను. క్యూబా స్వేచ్ఛకొఱకని మొదలైన యుద్ధము, డిసెంబరు 10న జరిగిన పారిస్ సంధిచే ప్వెర్టో రికో, ఫిలిప్పీన్సులను ఒక దొర చేతినుండి మఱియొక దొర చేతికి మార్చుటతో ముగిసినది. పరపాలన నెఱిగిన మనకు దీని యర్థము వేఱుగా చెప్పనక్కఱలేదు. ప్రాణములను కాపాడిన పడవలును, పరదేశముపై జెండా నాటిన పడవలును ఆ యొక్క నౌకవే.

తరువాతి కాలమున అది నావికావిద్యార్థులకు శిక్షణనౌక యయ్యెను. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున చేరగా, న్యూయార్కు రేవున గస్తీ తిరిగెను. 1919లో దానిని అమ్మివేసిరి.

మోర్గాన్ మాత్రము ఊరకుండలేదు. 1898లోనే మూడవ ‘కోర్సేర్’ను కట్టించుకొనెను. 1917లో అదియును నౌకాదళమున చేరి ఫ్రాన్సు తీరమునకు పోయెను. అతని కుమారుడు 1930లో కట్టించిన నాలుగవ ‘కోర్సేర్’ 1940లో బ్రిటిషు నౌకాదళమునకు చేరెను.