తొండ మెడలోని ఎరుపు: కుంచె నుండి కెమెరా వరకు

“తొండ ముదిరి ఊసరవెల్లి అయినది” అని మనవారు అంటూ ఉంటారు. సామెతగా అది చక్కనిదే. శాస్త్రంగా మాత్రం సరికాదు. తొండ ఎంత ముదిరినా తొండగానే ఉంటుంది. ఊసరవెల్లి వేరొక కుటుంబానికి చెందిన ప్రాణి. దాని కాలివేళ్ళు పటకారు వలె రెండు జట్లుగా చీలి ఉంటవి. కన్నులు వేరువేరు దిక్కులకు తిరుగుతవి. నాలుక బారుగా సాగి పురుగును పట్టి తెస్తుంది. తొండకు అట్టి వేళ్ళు గాని, అట్టి నాలుక గాని లేవు. అయినా ఈ పొరపాటు ఊరక పుట్టలేదు. తొండ కూడ రంగు మారుస్తుంది.

కోనసీమలో తొండను చూడనివారుండరు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కొబ్బరి మట్టల దడి మీద, పంటబోదె గట్టు మీద, డొక్కల రాశి మీద అది ఉదయపుటెండ కాచుకొంటూ కనిపిస్తుంది. జత కట్టే రోజులలో మగ తొండ తల, మెడ ఎర్రబారి, గొంతుకు ఇరుప్రక్కల నల్లని మచ్చలు తేలుతవి. అది ముందుకాళ్ళ మీద లేచి తల ఊపుతుంది. తమను వెక్కిరిస్తున్నదనుకొని పిల్లలు రాయి విసరుతారు. నిజానికది సాటి మగతొండకు హెచ్చరిక, ఆడతొండకు పిలుపు. మనిషి దగ్గరకు వచ్చి బెదరించగానే ఆ ఎరుపు వెలిసిపోతుంది. క్షణంలో కనిపించి క్షణంలో మాయమయ్యే ఈ రంగును కాగితం మీద నిలుపుటకు శాస్త్రజ్ఞులు, చిత్రకారులు, కెమెరా పట్టినవారు పడిన పాట్లు ఒక చిన్న చరిత్ర.

కుంచె, సీసా

కోనసీమకు ఉత్తరాన సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1781 నుండి పెక్కు సంవత్సరాలు ఉండి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించినాడు. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే మరొక వైద్యుడు పాములను పరిశీలించి, రంగుల చిత్రాలతో 1796లో గొప్ప గ్రంథం ప్రకటించినాడు. ప్రజలు వాడే తెలుగు పేర్లను కూడ అతడు అందులో వ్రాసుకొన్నాడు. నేడు రస్సెల్ పేరుతో ప్రసిద్ధమైన విషసర్పాన్ని అతడు “కాటుక రేకుల పొడ” అనే తెలుగు పేరుతోనే ఎరుగును.

తొండకు శాస్త్రీయ నామం పెట్టినవాడు దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1802లో అతడు దానికి “వర్సికలర్” అని పేరు పెట్టినాడు. లాటిన్ భాషలో ఆ మాటకు రంగులు మారేదని అర్థం. కాని ఐరోపాలోని పండితులకు చేరేవి సాధారణంగా సారాయి సీసాలలో నిలవ చేసిన దేహాలు. సారాయిలో పొలుసుల వరుసలు, వేళ్ళ పొడవు, పండ్ల అమరిక చెడకుండ నిలుస్తవి. ఎరుపు మాత్రం నిలువదు. సీసాలోని తొండ బూడిదరంగుకు తిరుగుతుంది. 1864లో గుంథర్, 1890లో బౌలెంజర్, 1935లో మాల్కం స్మిత్ మన దేశపు సరీసృపాలను గురించి వెలువరించిన గ్రంథాలు నేటికీ ప్రామాణికమైనవి. అయినా బ్రతికి ఉన్న జంతువు ఎట్లుండునో చూపుటకు వేరొక సాధనం కావలసి వచ్చినది.

ఎరుపును చూడలేని పలక

ఛాయాచిత్రకళ 1839లో లోకానికి వెల్లడియైనది. 1851లో వచ్చిన తడి పలకల పద్ధతిలో, గాజు పలకకు మందు పూసి, ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగవలసి ఉండేది. దానితో కోటలను, కొండలను తీయవచ్చును గాని తొండను తీయుట కష్టం. 1871లో మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జిలాటిన్ పొడి పలకను ప్రతిపాదించిన తరువాత, కాంతి పడవలసిన వ్యవధి క్రమంగా సెకనులో చిన్న భాగానికి దిగినది. రిచర్డ్, చెర్రీ కేర్టన్ సోదరులు 1892లో ఇంగ్లండులో గ్రుడ్లతో కూడిన పక్షిగూడును ఫోటో తీసి, అడవి ప్రాణుల ఛాయాచిత్రణకు దారి తీసినారు.

ఇక్కడొక చిక్కు వచ్చినది. తొలినాటి పలకలు ప్రధానంగా నీలికాంతికే స్పందించేవి. 1873లో వోగెల్ అనే జర్మను రసాయనజ్ఞుడు కొన్ని అద్దకపు రంగులు కలిపి పలకకు ఆకుపచ్చను కూడ చూపించినాడు. ఎరుపు మాత్రం వానికి చీకటితో సమానం. అట్టి పలక మీద తొండ ఎర్రని మెడ నల్లగా పడుతుంది; గొంతుమీది నల్లమచ్చ దానిలో కలిసిపోతుంది. అన్ని రంగులకూ స్పందించే పలకలు 1906లో అమ్మకానికి వచ్చినవి. అవి ఎరుపును ఎరుపుగా చూపలేకపోయినా, దాని వెలుగుపాలును నలుపు తెలుపులలో సరిగా చూపగలిగినవి. 1935లో కోడాక్రోమ్ ఫిల్ము వచ్చిన తరువాతనే చేతికెమెరాతో రంగుల చిత్రం తీయుట సులభమైనది. దోదాఁ పేరు పెట్టిన నాటి నుండి లెక్కిస్తే నూట ముప్పై మూడు సంవత్సరాలు! ఆ ఫిల్ము వేగం నేటి కొలతలో సుమారు 10. నేటి కెమెరాను 400 వద్ద ఉంచితే అందులో నలభయ్యో వంతు కాంతి చాలును.

మన దేశంలో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి, దారిలో కట్టిన తీగను పులి తాకగానే ఫోటో పడే ఏర్పాటు చేసి, 1927లో తన గ్రంథం ప్రకటించినాడు. మద్రాసులో ఎం. కృష్ణన్ వేరువేరు భాగాలను తానే కూర్చుకొన్న కెమెరాతో నలుపు తెలుపు చిత్రాలు తీసినాడు. ఖరీదైన పరికరం కన్న జంతువు నడవడిని ఎరిగి ఉండుట ముఖ్యమని ఇద్దరి కృషీ చాటుతున్నది.

క్రొత్తగా నేర్చుకొనేవారికి

తొండ తన శరీరపు వేడిని ఎండ నుండి తెచ్చుకొనే ప్రాణి. తెల్లవారిన తరువాత మొదటి ఎండలో అది మందకొడిగా ఉంటుంది. ఎండ ముదిరిన కొలది చురుకవుతుంది. కనుక నేర్చుకొనేవారికి ఉదయమే అనువైన వేళ. తిన్నగా దాని మీదికి పోరాదు. ప్రక్కవాటుగా, వంగి, రెండడుగులు వేసి ఆగుతూ పోవలెను. దాని మీద నీడ పడరాదు. అది కొమ్మ చాటుకు తిరిగినదంటే మన రాకను కనిపెట్టినదన్నమాట. అప్పుడు కదలక నిలిస్తే మరల ఇటు వస్తుంది.

లెన్సు విషయంలో ఒక చిన్న లెక్క ఉన్నది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అర మీటరు దూరం నుండి ఎంత బొమ్మ వస్తుందో, 200 మిల్లీమీటర్ల లెన్సుతో 2 మీటర్ల నుండి సుమారు అంతే వస్తుంది. ఆ మీటరున్నర ఎడమే తొండకు ధైర్యం. దగ్గరి చిత్రాలలో స్పష్టంగా వచ్చే లోతు చాల తక్కువ. కనుక లెన్సు రంధ్రాన్ని 8 లేక 11 అంకెకు కుదించి, కంటిమీద గురి నిలుపవలెను. కన్ను మసకబారితే తక్కినదంతా స్పష్టంగా వచ్చినా చిత్రం పనికిరాదు. కెమెరాను తొండ ఎత్తుకు దించితే దాని ముఖం తెలుస్తుంది; పైనుండి తీస్తే వీపే తెలుస్తుంది.

కదలకుండ ఉండుటకై వీనిని మంచులో చల్లబరచి ఫోటో తీసే పద్ధతి ఒకటి ఉండేది. అది ప్రాణిని హింసించుటయే గాక అబద్ధపు చిత్రం కూడ. చలికి బిగిసిన తొండ తొండవలె కూర్చుండదు.

చిత్రం వలన ప్రయోజనం

నలికండ్ల పామును విషజంతువని చంపుతారు. మనిషి ప్రాణం తీయగల విషమున్న బల్లిజాతి భారతదేశంలో ఒక్కటి కూడ లేదు. ఉడుమును మాంసానికి, తోలుకు వేటాడేవారు. కంజిరకు ఆ తోలునే మూసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చినది. దానిని చంపుట, అమ్ముట శిక్షార్హమైన నేరాలు.

ఒక జాతి ఉన్నదని చూపలేనప్పుడు దానిని కాపాడుట కష్టం. బెడ్డోమ్ అనే అటవీ అధికారి 1870లో తిరుపతి కొండల నుండి వర్ణించిన బంగారు బల్లి చాలకాలం శాస్త్రజ్ఞుల కంటబడక, 1980 దశాబ్దిలో తిరుమలలో మరల కనిపించినది. ఆపైన తూర్పు కనుమలలో ఇతర చోట్ల కూడ అది ఉన్నట్లు తెలిసినది. కోనసీమలో 1980 తరువాత వరిచేలు కొన్ని చేపల, రొయ్యల చెరువులైనవి. గట్లు, పొదలు, దడులు మారుతున్నవి. వాని మీద నిన్న ఏ ప్రాణులు ఉండెనో రేపు చెప్పవలెనంటే నేటి చిత్రం కావలెను. తేదీ, ఊరు, అది కూర్చున్న చెట్టు పేరు వ్రాసి ఉంచిన సాధారణమైన ఫోటో, ఆ వివరాలు లేని అందమైన ఫోటో కన్న శాస్త్రానికి విలువైనది.

అందుకు దూరపు అడవులకు పోనక్కరలేదు. ఇంటి వెనుక దడి చాలును. ఒకప్పుడు రాయి విసరిన పిల్లవాడే కెమెరా పట్టి, తొండ తల ఊపే వరకు ఊపిరి బిగబట్టి నిలుచుంటే, సీసాలో నిలువని ఆ ఎరుపు అతని చిత్రంలో నిలుస్తుంది. తొండ కూడ దడి మీద నిలుస్తుంది.