కెనడా జాతినిర్మాణము

కెనడా యను పేరు ఐరోపా భాషలలోఁ బుట్టినది కాదు. 1535వ సంవత్సరమున ఫ్రెంచి నావికుఁడగు జాక్ కార్టియే సెయింట్ లారెన్సు నదిలోఁ బ్రవేశించినపుడు, ఇరొక్వా భాషావర్గమునకుఁ జెందిన యచ్చటి జనులు తమ వాడకు దారి చెప్పుచు 'కనాటా' యనిరి. పల్లె యని దాని యర్థము. కార్టియే దానిని దేశనామముగా గ్రహించెను. ఒక పల్లెను దెలిపిన శబ్దము నేఁడు వైశాల్యమున రష్యా తరువాత లోకమున రెండవదగు రాజ్యమునకు సంజ్ఞ యైనది. శబ్దము నిలిచినది. శబ్దము నిచ్చినవారికి ఆ రాజ్యమున నెట్టి స్థానము లభించెననునదియే కెనడా చరిత్రమునఁ బ్రధానమగు ప్రశ్నము.

ప్రకృతిసంపద వలననే యీ జాతి యేర్పడినదని పలువురు తలఁతురు. బీవరు చర్మములు, కలప, గోధుమ, లోహములు, 1947లో ఆల్బర్టాలోని లెడక్ కడ బయల్పడిన తైలము - ఇవి దేశమునకు ధనము నిచ్చిన మాట నిజమే. కాని ధనమునకు జనులను గూర్చు శక్తి లేదు. 1670లో ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసు హడ్సన్ బే కంపెనీకి శాసనపత్ర మొసఁగి, ఆ యఖాతమునఁ గలియు నదుల పరీవాహభూమి నంతయు దాని వశము చేసెను. రెండువందల యేండ్లు చర్మవ్యాపారము సాగినను అచ్చట రాజ్యాంగము పుట్టలేదు. జాతిని గూర్చినది ఒడంబడికయే; ఒడంబడిక లోపించినచోట గాయము మిగిలినది.

1763 నాటి ప్యారిస్ సంధిచే ఫ్రెంచి కెనడా ఆంగ్లేయుల వశమయ్యెను. జయించినవారు 1774లోఁ జేసిన క్వెబెక్ శాసనము ఫ్రెంచివారి మతమును, పౌరధర్మమును నిలువనిచ్చెను. 1840 నాటి ఏకీకరణ శాసనమో, వారిని ఆంగ్లేయులలో లీనము చేయనెంచినది. ఆ యుద్దేశము నెఱవేఱలేదు. ఫ్రెంచివాఁడగు లాఫోంటెనును, ఆంగ్లభాషీయుఁడగు బాల్డ్వినును గలసి 1848లో ప్రజాసభకు బాధ్యత వహించు ప్రభుత్వమును సాధించిరి. వ్యాకరణ పరిభాషలోఁ జెప్పవలెనన్న, 1840 శాసనము తత్పురుషమును గోరినది. అందు నుత్తరపదార్థమునకే ప్రాధాన్యము. 1867 జూలై 1వ తేదిని ఒంటారియో, క్వెబెక్, నోవాస్కోషియా, న్యూబ్రన్స్విక్ అను నాలుగు మండలములతో నేర్పడిన సమాఖ్యము ద్వంద్వము. అం దుభయపదములకును బ్రాధాన్యము గలదు.

కాని యా ద్వంద్వమున మూఁడవ పదమునకుఁ జోటు లేకపోయెను. 1870లో కంపెనీ భూములు మూఁడులక్షల పౌనులకు సమాఖ్యమునకు సంక్రమించినపుడు, అందు నివసించువారి యభిప్రాయము నడిగినవారు లేరు. ఐరోపీయులకును దేశీయస్త్రీలకును గలిగిన మెటీ జనులు లూయీ రియెల్ నాయకత్వమున నెదిరింపఁగా మానిటోబా మండల మేర్పడెను. బ్రిటిష్ కొలంబియా 1871లో రైలుమార్గపు వాగ్దానముపైఁ జేరెను. ఆ మార్గమున కడపటి మేకు 1885 నవంబరు 7వ తేదిని గొట్టఁబడెను. అందులకై శ్రమించిన చీనావారు వేలకొలఁది. ఆ సంవత్సరమే, క్రొత్తగా వచ్చు చీనావారిపైఁ దలకు 50 డాలర్ల పన్ను విధింపఁబడెను. నవంబరు 16వ తేదిని, రెండవమాఱు తిరుగఁబడిన రియెల్ ఉరితీయఁబడెను. 1914లో కోమగాట మారు నావపై వాంకూవరు చేరిన 376 మంది భారతీయులలోఁ బెక్కండ్రు తీరమును మెట్టకయే మరలవలసివచ్చెను. ఆదిమజనుల పిల్లలు సుమారు 1,50,000 మంది తల్లిదండ్రులకు దూరముగా వసతి పాఠశాలలలో నుంపఁబడిరి. అచ్చట మాతృభాష పలుకుట దండనీయ మయ్యెను.

1931 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనముచే కెనడా శాసనస్వాతంత్ర్యమును, 1982లో రాజ్యాంగమును సవరించుకొను పూర్ణాధికారమును బడసెను. ఆ 1982 రాజ్యాంగమే ఆదిమజనుల హక్కులను గుర్తించెను. పాఠశాలల విషయమున 2008లోను, నావ విషయమున 2016లోను ప్రధానమంత్రులు పార్లమెంటున క్షమాపణము చెప్పిరి. చెల్లిన దోషము దీనఁ దీఱదు. లోపించిన పదము లోపించినదని యొప్పుకొనుట మాత్రము జరిగినది.

1999 ఏప్రిల్ 1వ తేదిని ఉత్తరమున ఇనూయిట్ జనులు ప్రధానముగాఁ గల ప్రదేశము వేఱు మండలమై, నునావుట్ అను పేరు వహించెను. వారి భాషలో నది 'మన భూమి' యని యర్థము నిచ్చును. 1535లో విన్నవాఁడు పల్లెను దేశమని పొరఁబడెను. ఈమాఱు పేరు పెట్టినవారే దాని యర్థమును జెప్పిరి.