నీటిజాడ నెఱిగినవారు

ఆస్ట్రేలియాఖండము నడిబొడ్డున మక్డానెల్ అను పర్వతపంక్తి కలదు. చుట్టును ఎడారి, ఎఱ్ఱని ఱాయి, ఎఱ్ఱని యిసుక, ముండ్లవంటి గడ్డి. అయినను ఆ కొండలను పూర్వనదులు యుగయుగములుగా కోయుటచే లోతైన యిఱుకులోయ లేర్పడినవి. అచ్చటి ఫింకు నది సాధారణముగా ఒట్టి యిసుకపానుపు. గొప్పవాన కురిసిననే పారును. పారినను సముద్రమును చేరక యెడారిలోనే యింకిపోవును. అట్టి సీమకు ప్రాణము లోయలలోని మడుగులందు దాగియున్నది. ఎత్తైన ఱాతిగోడల నీడను ఎల్లరీ మొదలగు మడుగులలో మండువేసవియందును నీరు నిలిచి, మిక్కిలి చల్లగా నుండును.

ఈ దినములలో దేశదేశముల యాత్రికులు మూపున మూటలు వేసికొని, దారి తెలిసినవారిని ముందిడుకొని, ఈ లోయలవెంట కాలినడకను పోవుచున్నారు. ఇందులకై 2002లో పూర్తియైన లారపింటా కాలిబాట 220 కిలోమీటర్లకు పైబడినది. ఇది నేడు వినోదము. కాని యా దేశమున దారి చూపువాని వెంట నడచుట యొకప్పుడు ప్రాణములతో ముడిపడిన సంగతి. నేటి ప్రసంగమున దానిని మనవి చేసెదను.

ఈ కొండలు అరెంటె జనులవి. వారికి పటములు లేవు, వ్రాతపుస్తకములు లేవు. ఏ బండసందున నీరు నిలుచునో, ఏ యేటిలో చెలమ త్రవ్విన ఊట వచ్చునో, కథలుగను పాటలుగను పెద్దలు పిన్నలకు నేర్పుచుండిరి. 1860లో జాన్ స్టూఅర్ట్ అను స్కాట్లండుదేశపు యాత్రికుడు వచ్చి, దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరు పేరును ఈ కొండలకు పెట్టెను. 1872లో ఈ కొండలమీదుగనే తంతితీగె పూర్తియయ్యెను. డార్విన్ రేవునుండి జావా, సింగపూరుల మీదుగ మన చెన్నపట్టణమునకును, అటనుండి సీమకును ఆ వార్తలు పోవుచుండెను. పటములపై దొరల పేళ్లు నిలిచినవి. నీరు చూపినవారి పేళ్లు చాలవఱకు నిలువలేదు.

నీటిజాడ తెలిసినవానిని పరదేశీయులు మూడు రీతుల చూచిరి.

మొదటిది గర్వము. ఈ కొండలకు ఆగ్నేయమున చాలదూరములో కూపర్ అను ఎడారివాగు కలదు. 1861లో బర్క్, విల్స్ అను యాత్రానాయకులు ఉత్తరసముద్రతీరమునకు పోయి వచ్చి, ఆహారము లేక అచ్చట చిక్కుపడిరి. ఆ వాగు ప్రజలైన యాండ్రువాండలు చేపలను, నార్డూ రొట్టెలను ఇచ్చిరి. నార్డూ యనగా మన వరిపొలములలో నాలుగు రేకుల ఆకుతో మొలచు మొక్క జాతిది. దాని గింజలవంటి కాయలను పిండి చేయుదురు. బర్క్ వారిని దగ్గఱకు రానీయక పిస్తోలు ప్రేల్చెను. పిదప దొరలు తామే ఆ పిండి చేసికొని తినిరి. దానిని శుద్ధిచేయు పద్ధతి తెలియదు. కడుపు నిండుచుండెను, బలము తగ్గుచుండెను. ఇరువురును మరణించిరి. వారితోనున్న జాన్ కింగ్ మాత్రము ఆ ప్రజలనే ఆశ్రయించి, వారు పెట్టినది తిని, సెప్టెంబరులో వెదకవచ్చినవారికి సజీవుడై కనబడెను. ఇతడు మన దేశమున ఆంగ్లసైన్యములో పనిచేసి, ఒంటెలతోకూడ అచ్చటికి పోయినవాడు.

రెండవది బలాత్కారము. 1906లో ఆల్‌ఫ్రెడ్ కానింగ్ పడమటి యెడారిలో పసులబాట వేయుటకై బయలుదేరి, అచ్చటివారిని గొలుసులతో బంధించి నీరు చూపించుకొనెను. ఆ బృందపు వంటవాడే ఫిర్యాదు చేయగా 1908లో విచారణసంఘము కూర్చుండి, కానింగ్ నిర్దోషి యని తీర్పు చెప్పెను. పిదప ఆ బాటవెంట సుమారు 50 బావులు త్రవ్వబడెను. వానిలో కొన్నిటిని ఆ యెడారిజనులే పాడుచేసిరి. తరతరముల తమ చెలమ పరాయివాని పశువులకు తొట్టియైనపుడు ఎవనికి కడుపు మండదు?

మూడవది శిష్యత్వము. 1936లో రెక్స్ బాటర్‌బీ యను చిత్రకారుడు మక్డానెల్ లోయలను చిత్రించుటకు వచ్చెను. హెర్మన్స్‌బర్గ్ గ్రామపు అరెంటె వాడగు ఆల్బర్ట్ నమట్‌జిరా ఒంటెలను తోలి, దారి చూపెను. ప్రతిఫలముగా బాటర్‌బీ అతనికి నీటిరంగుల విద్య నేర్పెను. రెండేండ్లలో మెల్బోర్నునగరమున నమట్‌జిరా చిత్రప్రదర్శనము జరుగగా చిత్రము లన్నియు అమ్ముడుపోయెను. ఆ లోయలు, తెల్లని బోదెల చెట్లు, నీలికొండలు లోకమునకు తెలిసినవి. దారి చూపినవాని పేరు ఈసారి చెడలేదు.

ఈ మూడింటిలో నీరు ఒక్కటే, అడిగినరీతి వేఱు. చదువు ఎంతటిదైనను, తెలియని చోట తెలిసినవాని యెదుట తల వంచనిదే గొంతు తడవదు. నేడు యాత్రికులు నడచు బాటకు గవర్నరు పేరు లేదు. లారపింటా యనునది ఫింకునదికి అరెంటె వారి సొంతపేరు. ఆలస్యముగనైనను పేరు ఇంటికి వచ్చినది.

పెద్దలారా! మన యూళ్లలోను ఏ వాగులో ఎచ్చట చెలమ తీయవలెనో, ఏ పాతబావి యే కఱవునందును ఎండలేదో యెఱిగినవారు మీరే. అది యే పటమునందును లేదు. మనుమలు అడుగుదురని యెదురుచూడక, వారి చేయి పట్టుకొని యొకనాడు అచ్చటికి నడిపింపుడు.