సభ్యుల జాబితా ఎవరి చేతికి?



ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్ లిస్ట్ దాచుకోవడం పిరికితనమని మన కార్యకర్తల్లోనే కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే అమెరికా నల్లజాతి ఉద్యమ చరిత్రలోకి వెళ్లాలి.

1954లో అక్కడి సుప్రీంకోర్టు బడుల్లో జాతి వేర్పాటు చెల్లదంది. మరుసటి ఏడాది మిసిసిపీ రాష్ట్రంలోని యాజూ సిటీలో 53 మంది నల్లవాళ్లు ఆ తీర్పు అమలు చేయమని అర్జీ మీద సంతకాలు పెట్టారు. తెల్లవాళ్ల సిటిజన్స్ కౌన్సిల్ ఆ పేర్లన్నిటినీ స్థానిక పత్రికలో ప్రకటనగా వేయించింది. ఉద్యోగాలు పోయాయి, వ్యాపారాలు దెబ్బతిన్నాయి. దాదాపు అందరూ సంతకాలు వెనక్కి తీసుకున్నారు. కూలికి పిలవకపోవడం, కొట్లో సరుకివ్వకపోవడం తెలిసిన మన పల్లెలకు ఇది కొత్త కథ కాదు.

1956లో పక్క రాష్ట్రం అలబామా ఇదే పనికి కోర్టును వాడుకుంది. నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ మీద అటార్నీ జనరల్ జాన్ ప్యాటర్సన్ కేసు వేశాడు. సభ్యుల పేర్లు, చిరునామాలు ఇవ్వాలని జడ్జి ఆదేశించాడు. అప్పుడు సంఘం ఏం చేసిందో గమనించండి. మిగతా కాగితాలు దాదాపు అన్నీ ఇచ్చింది. పదవుల్లో ఉన్నవాళ్ల పేర్లు చెప్పడానికీ ఒప్పుకుంది. మామూలు సభ్యుల పేర్లు మాత్రం ఇవ్వనంది. లక్ష డాలర్ల జరిమానా వేసినా ఇవ్వలేదు. 1958 జూన్ 30న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సంఘం పక్షాన నిలిచింది. పేర్లు బయటపడితే జనం సంఘంలో చేరడానికే భయపడతారని గుర్తించింది. అయినా అలబామాలో సంఘం మళ్లీ పని మొదలుపెట్టడానికి 1964 దాకా పట్టింది.

మరి కు క్లక్స్ క్లాన్ కూడా ఇలాగే దాచుకోవచ్చా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. క్లాన్ తన సభ్యుల జాబితా ఇవ్వాల్సిందేనని 1928లో అదే కోర్టు చెప్పింది. 1958లో ఆ తీర్పును కొట్టేయలేదు. బెదిరింపు, హింస చేసే సంఘం సంగతి వేరని తేడా చూపింది.

ఇక మన కాలానికి వద్దాం. 2009 డిసెంబర్‌లో ఫేస్‌బుక్ ఫ్రెండ్స్ లిస్టును అందరికీ కనిపించే సమాచారంలో చేర్చింది. గొడవ లేచాక ప్రొఫైల్‌లో దాచుకునే వీలిచ్చింది. అప్పటి మార్పులు వాడేవాళ్లను మోసం చేయడమేనని 2011లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్ పట్టుకున్నాక, అఫ్గానిస్తాన్ ఖాతాల లిస్టులు ఎవరికీ కనబడకుండా అదే కంపెనీ ఆపింది. జాబితా ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో కంపెనీకీ తెలుసన్నమాట.

ఒక సంగతి మర్చిపోకండి. మీ లిస్ట్ మీరు మూసినా, మీ స్నేహితుడి లిస్ట్ తెరిచి ఉంటే మీ పేరు అక్కడ దొరుకుతుంది. అందుకే ముందుగా మూయాల్సింది వేలమంది మిత్రులున్న మనలాంటి వాళ్ల లిస్టులు. నా పేరు, నా ఫొటో, నా మాట బహిరంగమే. కేసు పెట్టినా నిలబడతాను. కానీ నా లిస్టులో ఈ ఏడాదే హాస్టల్లో చేరిన అమ్మాయి ఉంది, అద్దె ఇంట్లో కులం చెప్పకుండా బతుకుతున్న కుటుంబం ఉంది, యజమానికి తెలియకుండా మీటింగుకొచ్చే కూలన్న ఉన్నాడు. వాళ్ల తరఫున ధైర్యం ప్రకటించే హక్కు నాకు లేదు.

ఎప్పుడు, ఎవరి ముందు బయటపడాలో వాళ్లే తేల్చుకుంటారు. ఈ రాత్రే సెట్టింగ్స్ తెరిచి మీ లిస్ట్ ఎవరికి కనిపిస్తోందో చూడండి. మీ సంఘం గ్రూపు అడ్మిన్లకూ చెప్పండి.