ఇంటి నీళ్ల పరీక్ష: ఏ పద్ధతి ఎప్పుడు పనికొస్తుంది?

తల్లిదండ్రులకు, విద్యార్థులకు:

2022 జులైలో గోదావరి వరదకు యానాంలో పల్లపు వీధులు నీట మునిగాయి. అలాంటప్పుడు వరద తీశాక కూడా సంపులోకి చేరిన మురికి అక్కడే ఉండిపోతుంది, పైకి మాత్రం నీళ్లు తేటగానే కనిపిస్తాయి. తేటగా ఉన్న నీళ్లతోనూ పిల్లలకు విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ రావచ్చు. అందుకే పరీక్ష చెయ్యాలి. కిట్లతో వచ్చే కాగితం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి వివరాలు ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

ముందుగా ఒక్క మాట: అన్నీ చెప్పే పరీక్ష ఏదీ లేదు. మనకేం తెలియాలో దాన్నిబట్టి పద్ధతి ఎంచుకోవాలి.

1. ఉప్పు ఉందా? – టీడీఎస్ మీటరు
గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో ఉన్నాం కాబట్టి బోరు నీళ్లు ఉప్పగా ఉండడం మామూలే. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో ఈ మీటరు చెబుతుంది. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 వరకు సరే. అయితే సూక్ష్మజీవుల సంగతి ఈ మీటరుకు తెలియదు. "మీటర్లో 80 చూపించింది, మంచి నీళ్లే" అనుకోవడం పొరపాటు.

2. క్లోరిన్ మిగిలి ఉందా? – రంగు పరీక్ష
కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. దీనికి మూడు రకాలున్నాయి.
• పసుపు రంగు చుక్కల మందు (ఓటీవో): చవక. ఉందా లేదా అన్నంతవరకు చాలు. మందు విషపూరితం, చేతికి తగలనివ్వకూడదు.
• గులాబి రంగు బిళ్ల లేదా పొడి (డీపీడీ): సూక్ష్మజీవుల్ని గట్టిగా చంపే స్వేచ్ఛా క్లోరిన్‌ను విడిగా చూపిస్తుంది. ఇంటికి ఇదే మేలు. బ్లీచింగ్ మరీ ఎక్కువైతే గులాబి రంగు వచ్చి వెంటనే పోతుంది. దాన్ని సున్నా అనుకోవద్దు. అదే నీళ్లను క్లోరిన్ లేని నీళ్లతో పలచన చేసి మళ్లీ చూడండి.
• కాగితపు పట్టీలు: తేలిక. కానీ మన తేమ గాలికి త్వరగా పాడవుతాయి. తడి చేత్తో తియ్యొద్దు, మూత బిగించండి.
ఈత కొలనుకూ ఇవే కిట్లు. అక్కడ క్లోరిన్ 1 నుంచి 3, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య చూస్తారు.

3. మలినం కలిసిందా? – హెచ్2ఎస్ సీసా
1982లో గ్వాలియర్ శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి ఇది. సీసాలో గీత వరకు నీళ్లు పోసి, గది వేడిమిలో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. బోరు నీళ్లకు ముందే కుళ్లిన గుడ్ల వాసన ఉంటే ఈ పరీక్షను నమ్మలేం, ల్యాబుకు పంపాలి.

ఎవరు ఏది చెయ్యాలి?
• మునిసిపల్ కుళాయి, ఓవర్‌హెడ్ ట్యాంకు: క్లోరిన్ పరీక్ష. కుళాయి దగ్గర ఉండి ట్యాంకులో లేకపోతే, ట్యాంకు కడిగే వేళయిందని అర్థం.
• టిన్ను నీళ్లు, ఆర్‌వో నీళ్లు: వీటిలో క్లోరిన్ ఉండదు, సున్నా వస్తే కంగారు పడొద్దు. హెచ్2ఎస్ సీసా వాడండి.
• బోరు, నుయ్యి: టీడీఎస్, హెచ్2ఎస్ రెండూ.
• వరద వచ్చిపోయాక: సంపు, ట్యాంకు తోడి కడిగి, క్లోరిన్ వేసి, అరగంట ఆగి పరీక్షించాలి.

ఫలితం బాగోకపోతే
నీళ్లు తెర్లాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి తాగండి. మరిగితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఉప్పు పోదు. కుళాయిలో క్లోరిన్ రోజూ సున్నా వస్తుంటే తేదీలతో రాసుకుని పీడబ్ల్యూడీ వారికి చెప్పండి. నోటి మాట కన్నా రాసిన కాగితానికి విలువ ఎక్కువ.

పిల్లలకు: పరీక్ష పెద్దవాళ్ల ఎదుటే చెయ్యండి. మందు కలిపిన నీళ్లు తాగకూడదు, మొక్కలకు పొయ్యకూడదు. నల్లబడిన సీసా మూత మీరు తియ్యొద్దు. పెద్దవాళ్లు అందులో బ్లీచింగ్ నీళ్లు పోసి, కాసేపాగి మరుగుదొడ్డిలో పారబోస్తారు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.